ప్రింట్‌ఎఫ్ చేస్తే ఫైల్లో ఏమీ పడట్లా, ఏందబ్బా ఇది?

కావలి కుర్రోడు:
అన్నా, మా రొయ్యల గుంట కాడ ఆక్సిజన్ సెన్సార్ పెట్టి సీ లాంగ్వేజ్‌లో చిన్న ప్రోగ్రాం రాసినా, 10 సెకన్లకోసారి రీడింగ్ ప్రింట్ చేస్తాది. టెర్మినల్లో బానే వస్తా ఉండాది గానీ ఫైల్లోకి మళ్లిస్తే అరగంటైనా ఖాళీనే, మధ్యలో కరెంట్ పోయిందంటే రీడింగులన్నీ గోవిందా.

ఒంగోలు గిత్త:
కోడ్ తప్పు కాదు అబ్బయ్యా, బఫరింగ్, అంటే అవుట్‌పుట్‌ని మెమరీలో (బఫర్లో) పోగేసి ఒక్కసారిగా రాయడం. లినక్స్‌లో ఎస్‌టీడీఅవుట్ (ప్రోగ్రాం అవుట్‌పుట్ పోయే దారి) టెర్మినల్‌కి పోతే లైను అయినప్పుడల్లా బయటికి తోస్తాది, ఫైలుకి పోతే మాత్రం బఫర్ నిండేదాకా కదల్దు. ఆ బఫర్ మామూలుగా 4096 బైట్లు, నీ లైను 20 బైట్లనుకో, 200 లైన్లు దాటాలి, లెక్కేస్కో. మెయిన్ మొదట్లోనే, ఒక్క ప్రింట్ కూడా కాకముందే, సెట్‌వీబఫ్ అనే ఫంక్షన్‌తో లైన్ బఫరింగ్ (లైనుకోసారి బయటికి తోసేది) పెట్టు. లేదంటే ప్రతి ప్రింట్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ పెట్టు, బఫర్లో ఉండేదాన్ని అప్పటికప్పుడు తోసేస్తాది.

కావలి కుర్రోడు:
సెట్‌వీబఫ్ పెట్టినా, వెంటనే పడతా ఉండాయి! ఇన్‌పుట్‌లో మిగిలిపోయింది పారేయడానికి కూడా ఎఫ్‌ఫ్లష్ వాడొచ్చా? మా కాలేజీలో అట్నే చెప్పినారే.

గూడూరు నిమ్మకాయ:
వద్దు సామీ, ఎస్‌టీడీఇన్ (ఇన్‌పుట్ వచ్చే దారి) మీద ఎఫ్‌ఫ్లష్ చేస్తే ఏం జరగాలో సీ స్టాండర్డ్ చెప్పలా, ఒక కంపైలర్లో పనిచేసి ఇంకోదాంట్లో మొండికేస్తాది. న్యూలైన్ (లైను ముగింపు గుర్తు) వచ్చేదాకా గెట్‌చార్‌తో ఒక్కో అక్షరం చదివి పారేయ్, ఫైల్ అయిపోయిందేమో కూడా చూస్కో. ఇంకోటి, ఎఫ్‌ఫ్లష్ చేసినా డేటా కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) దాకానే పోతాది, డిస్కులో పడాలంటే ఎఫ్‌సింక్ కూడా కావాలి, మన కరెంట్ సంగతి తెలిసిందే గదా.