గేమ్ కోసం వైఫైలో ఇంట్లోవాళ్ల స్పీడ్ తగ్గించడం తప్పా?

సైలెంట్_స్నైపర్ (విజయవాడ)

నిన్న మా ఇంట్లో పెద్ద గొడవ అయింది. ఎవరిది తప్పో మీరే చెప్పండి.

మాది 40 ఎంబీపీఎస్ ఫైబర్, అప్‌లోడ్ కూడా అంతే. రౌటర్ హాల్లో టీవీ వెనక ఉంటుంది. నా గది చివర్లో, మధ్యలో రెండు గోడలు. ల్యాప్‌టాప్‌లో వాలరెంట్ అనే షూటింగ్ గేమ్ ఆడతాను, ముంబై సర్వర్. మధ్యాహ్నం పింగ్, అంటే సర్వర్ దాకా వెళ్లి తిరిగి రావడానికి పట్టే మిల్లీసెకన్లు, 25 దగ్గర బుద్ధిగా ఉంటుంది. సాయంత్రం ఏడు దాటిందంటే 200, ఒక్కోసారి 300. మలుపు తిరిగేసరికే నేను చచ్చిపడి ఉంటాను, నన్ను కాల్చిందెవరో కూడా కనపడదు.

ఇంట్లో వాడకం ఇదీ: అక్కది వర్క్ ఫ్రమ్ హోమ్, ట్రైనింగ్ వీడియోలు చేస్తుంది. నాన్న టీవీలో యూట్యూబ్. రెండు సీసీ కెమెరాలు రోజంతా క్లౌడ్‌కి పంపిస్తూనే ఉంటాయి.

పోయిన వారం రౌటర్ సెట్టింగ్స్‌లో క్యూఓఎస్ అని కనపడింది, ఎవరి డేటా ముందు వెళ్లాలో చెప్పే సెట్టింగ్. నా ల్యాప్‌టాప్‌కి హైయెస్ట్ ప్రయారిటీ ఇచ్చి, అక్క ల్యాప్‌టాప్‌కి 2 ఎంబీపీఎస్ లిమిట్ పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. రెండు రోజులు స్వర్గం. మూడో రోజు క్లయింట్ కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తుండగా అక్క కాల్ ఫ్రీజ్ అయింది. ఎలా కనిపెట్టిందో తెలీదు కానీ కనిపెట్టేసింది. ఇప్పుడు రౌటర్ పాస్‌వర్డ్ తన దగ్గరే ఉంది.

ఆటకి ప్రయారిటీ ఇచ్చుకోవడం అంత నేరమా?

కూకట్‌పల్లి_కాల్స్

నేరమే. నేనూ ఇంటి నుంచే పనిచేస్తాను కాబట్టి మీ అక్క వైపు నుంచి చెప్తున్నా. క్లయింట్ ముందు కాల్ ఆగిపోతే "నెట్ ప్రాబ్లమ్ అండీ" అని ఎన్నిసార్లు చెప్పగలం? నీకు పోయింది ఒక రౌండ్. తనకి పోయింది పరువు. పైగా చెప్పకుండా చేశావు. చెప్పి చేసి ఉంటే నేను ఇంత కోపంగా రాసేదాన్ని కాదు.

పాత_నోకియా

స్పీడ్ ప్లాన్ పెంచుకోండి, గొడవ వదిలిపోతుంది. ఈ రోజుల్లో 40 ఏంటండీ. మా ఇంట్లో 200 పెట్టించాం, అంతా హాయి.

క్యూలో_నిల్చున్నా (హైదరాబాద్)

నోకియా గారూ, గేమ్ ఆడటానికి ఒక్క ఎంబీపీఎస్ కూడా పూర్తిగా అక్కర్లేదు. చిన్న చిన్న ప్యాకెట్లే, అంటే డేటా ముక్కలే, కాకపోతే అవి టైముకి చేరాలి. ఇక్కడ సమస్య స్పీడు కాదు, లైను.

పెళ్లిలో బఫే లైను ఊహించుకోండి. రెండొందల మంది ప్లేట్లు పట్టుకుని నిలబడ్డారు. ఒక కుర్రాడికి కావాల్సింది గ్లాసు మంచినీళ్లు, అంతే. కానీ వాడూ ఆ లైన్లోనే నిలబడాలి. గేమ్ ప్యాకెట్ ఆ కుర్రాడు. ప్లేట్లవాళ్లు ఎవరంటే, ఏడింటికి ఎవరో పెద్ద ఫైలు అప్‌లోడ్ చేస్తున్నారన్నమాట. రౌటర్‌లో ప్యాకెట్లు దాచుకునే చోటు, అంటే బఫర్, ఒక ఎంబీ ఉందనుకోండి. 40 ఎంబీపీఎస్ కనెక్షన్ మీద అది నిండితే ఖాళీ కావడానికి 200 మిల్లీసెకన్లు పడుతుంది. స్నైపర్ చెప్పిన అంకె సరిగ్గా అదే.

దీనికి బఫర్‌బ్లోట్ అని పేరు పెట్టింది జిమ్ గెటిస్ అనే అమెరికన్ ఇంజినీర్. 2010 ప్రాంతంలో తన ఇంట్లోంచి పెద్ద ఫైళ్లు పంపుతుంటే మిగతా నెట్ అంతా మొరాయించడం చూసి వెంటపడ్డాడు. 2012లో క్యాథ్లీన్ నికోల్స్, వాన్ జేకబ్సన్ కలిసి కోడెల్ అనే పద్ధతి తెచ్చారు. దాని మీద కట్టిందే ఎఫ్‌క్యూ-కోడెల్. మంచినీళ్లవాడికి వేరే లైను పెడుతుంది, ప్లేట్ల లైను మరీ పెరక్కుండా చూస్తుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన రౌటర్లలో ఎస్‌క్యూఎమ్ అని ఉండేది ఇదే. కనెక్షన్ స్పీడులో 90 శాతం దగ్గర, అంటే మీకు 36 దగ్గర, పరిమితి పెడితే క్యూ మన చేతికి వస్తుంది.

కాబట్టి స్నైపర్ తమ్ముడూ, ప్రయారిటీ ఇచ్చుకోవడం తప్పు కాదు. గేమ్ తినేదే పిసరంత, అది ముందు వెళ్తే ఎవరికీ ఏమీ తగ్గదు. తప్పల్లా ఆ 2 ఎంబీపీఎస్ లిమిట్. అక్క కాల్‌నీ, అక్క ఫైళ్లనీ ఒకే సన్న గొట్టంలో కుక్కేశావు. లైను నీ దగ్గర్నుంచి తీసి ఆవిడ నెత్తిన పెట్టావు, అంతే తేడా.

పాత_నోకియా

మరి 200కి పెంచాక మా మనవడికి ల్యాగ్ ఎందుకు పోయిందండీ?

క్యూలో_నిల్చున్నా

అదే ఒక ఎంబీ లైను 200 ఎంబీపీఎస్ మీద 40 మిల్లీసెకన్లలో కరిగిపోతుంది. కాబట్టి తగ్గడం నిజమే, మీ మాట పూర్తిగా కొట్టేయలేను. కానీ ప్రతి నెలా డబ్బు కట్టి లైనును తొందరగా నడిపిస్తున్నారు, అంతే. బఫర్ పెద్దదైతే మళ్లీ మొదటికే.

కేబుల్_కామేశం (రాజమండ్రి)

క్యూ గురూ, మీ పాఠం బాగుంది కానీ మీరు గోడలు మర్చిపోయారు. రెండు గోడల అవతల కూర్చుని వైఫైలో ఆడేవాడికి రౌటర్ బయట క్యూ సరిచేస్తే సగం రోగమే పోతుంది.

వైఫై అంటే ఒకే మైకు ఉన్న మీటింగు. ఒక ఛానెల్ మీద ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాలి. సిగ్నల్ వీక్‌గా ఉన్నవాడు నిదానంగా మాట్లాడతాడు కాబట్టి మైకు ఇంకా ఎక్కువసేపు పట్టుకుంటాడు. వైఫై వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే: 1, 6, 11. అపార్ట్‌మెంట్‌లో పాతిక వైఫైలు ఆ మూడింటి మీదే పడి కొట్టుకుంటాయి. మైక్రోవేవ్ ఓవెన్ కూడా అక్కడే గోల చేస్తుంది. 5 గిగాహెర్ట్జ్‌లో రద్దీ తక్కువ, కానీ గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది.

నా మాట ఒకటే. కేబుల్ లాగు. 20 మీటర్ల కేబుల్ నాకు ఐదారు వందల్లో వచ్చింది. వంద మీటర్ల దాకా గిగాబిట్ స్పీడ్ లాగుతుంది. ఇంట్లో ఎవర్నీ బతిమాలక్కర్లేదు.

దయచేసి సిగ్నల్ పెంచే ఎక్స్‌టెండర్ మాత్రం కొనకు. అది విన్నదాన్ని మళ్లీ అదే మైకులో రెండోసారి చెప్తుంది. సిగ్నల్ గీతలు నిండుగా కనపడతాయి, పింగ్ ఇంకా పాడవుతుంది.

సైలెంట్_స్నైపర్

కామేశం అన్నా, అద్దె ఇల్లు. ఓనర్ గోడకి మేకు కొట్టినా ఊరుకోడు. కింద నుంచి లాగుదామంటే అమ్మ "పసుపు రాసే గడప మీద నుంచి వైరేంట్రా" అంటుంది.

కేబుల్_కామేశం

గడప జోలికి వెళ్లకు. ద్వారబంధం పైనుంచి తీసుకెళ్లు. ఎలక్ట్రికల్ షాపులో కేసింగ్ పట్టీ అడుగు, వెనక డబుల్ టేప్ అంటించు. మేకులూ లేవు, డ్రిల్లింగూ లేదు. ఖాళీ చేసేటప్పుడు పీకేస్తే సరి. తీసేముందు హెయిర్ డ్రయ్యర్‌తో కాస్త వేడిచెయ్, సున్నం ఊడి రాదు.

బీజీఎమ్ఐ_బాబ్జీ (కాకినాడ)

ఫోన్లో ఆడేవాళ్లం మనుషులం కాదా? మాకు కేబుల్ ఎక్కడ పెట్టాలి?

కేబుల్_కామేశం

టైప్-సి నుంచి ఈథర్నెట్ అడాప్టర్ దొరుకుతుంది బ్రో, చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి పనిచేస్తుంది. వద్దనుకుంటే రౌటర్ ఉన్న గదిలో కూర్చుని 5 గిగాహెర్ట్జ్‌కి కలుపు. రెండు బ్యాండ్లకీ ఒకే పేరుంటే ఫోన్ దొంగతనంగా 2.4కి వెళ్లిపోతుంది, అందుకే పేర్లు విడివిడిగా పెట్టుకో.

బీజీఎమ్ఐ_బాబ్జీ

హాల్లో కూర్చుంటే నాన్నగారు చూస్తారు అన్నా. అది వేరే ల్యాగ్.

డీఎన్ఎస్ మారిస్తే పింగ్ తగ్గుతుందని ఒకడు వీడియో పెట్టాడు, నిజమేనా?

క్యూలో_నిల్చున్నా

కాదు. డీఎన్ఎస్ అడ్రస్ వెతికిపెట్టేదే. మ్యాచ్ మొదలయ్యాక దానికి పనిలేదు.

స్నైపర్, వాదన పక్కన పెట్టి రెండు పరీక్షలు చెయ్. ఒక కమాండ్ విండోలో రౌటర్‌ని, అంటే చాలా ఇళ్లలో 192.168.1.1ని, పింగ్ చెయ్. ఇంకో విండోలో బయట ఏదైనా సర్వర్‌ని. రెండూ సాయంత్రం నడవనీ. రౌటర్ పింగే ఎగిరితే గాలిలో గొడవ, కామేశం గెలిచినట్టు. రౌటర్ నిలకడగా ఉండి బయటిది ఎగిరితే క్యూ గొడవ, లేదా మీ నెట్ కంపెనీ గొడవ. ఎవరిదైనా కేబుల్ అడిగి, దానితోనూ ఒకసారి చూడు.

డల్లాస్_దొర

ఈ పరీక్ష నేనూ చేశా. రౌటర్ పింగ్ 1. ముంబై సర్వర్‌కి 230. ఇక్కడికీ ముంబైకీ సుమారు 14 వేల కిలోమీటర్లు. ఫైబర్‌లో కాంతి సెకనుకి దాదాపు 2 లక్షల కిలోమీటర్లు వెళ్తుంది, అంటే రానూపోనూ తక్కువలో తక్కువ 140, అదీ కేబుల్ తిన్నగా ఉంటే. మీ ఇంట్లో ఏ రౌటర్ మార్చినా అంతకన్నా కిందికి రాదు. శనివారం పొద్దున ఊళ్లో ఫ్రెండ్స్‌తో ఆడాలన్న ఆశతో అలా చచ్చిపోతూ ఉంటాను.

సైలెంట్_స్నైపర్

నిన్న, ఈరోజు పరీక్షలు చేశాను. కింది ఫ్లోర్ వాళ్ల దగ్గర కేబుల్ తెచ్చి, అమ్మ గుడికెళ్లిన గంటలో గడప మీద నుంచే వేశాను (చెప్పకండి).

వైఫైలో ఏడు తర్వాత: రౌటర్ పింగ్ 5 నుంచి 120 మధ్య గంతులు, బయటిది 210 నుంచి 320.
కేబుల్‌లో అదే టైమ్: రౌటర్ 1, కదల్లేదు. బయటిది మాత్రం 190.
కేబుల్‌లో ఏడు ఇరవై తర్వాత: బయటిది 26.

ఆ ఇరవై నిమిషాల్లో ఏం జరిగిందో అక్కని అడగాల్సి వచ్చింది. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. రికార్డ్ చేసిన ట్రైనింగ్ వీడియోలు పని అయ్యాక డ్రైవ్ ఫోల్డర్‌లో వేస్తుందట. ఏడింటికి అవి ఎక్కడం మొదలు. నాన్న యూట్యూబ్‌ని అన్నాళ్లూ ఊరికే తిట్టుకున్నాను.

కేబుల్_కామేశం

120 గంతులు గాలివి. గెలిచాను.

క్యూలో_నిల్చున్నా

కేబుల్‌లో కూడా 190 వచ్చింది కదా గురూ. అది నీ కేబుల్ తీర్చలేదు.

కేబుల్_కామేశం

సరే, సగం గెలిచాను.

కూకట్‌పల్లి_కాల్స్

మీ ఇద్దరి గెలుపూ సరే, మీరు ఎస్‌క్యూఎమ్ అంటున్నారు. నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బాలో అది ఉంటుందా? మా ఇంట్లో దానికి ఆ ఆప్షనే లేదు. కొత్త రౌటర్ కొని, ఆ డబ్బాని బ్రిడ్జ్ మోడ్‌లో, అంటే రౌటర్ పని మానేసి నెట్‌ని నేరుగా కొత్తదానికి పంపేలా, పెట్టమని కేబుల్ అబ్బాయిని అడిగితే "అది కుదరదు మేడమ్" అన్నాడు. అవన్నీ మీకు వచ్చు కాబట్టి తేలిగ్గా చెప్తారు.

క్యూలో_నిల్చున్నా

నిజమే అక్కా, అక్కడ మీరు చెప్పిందే కరెక్ట్. ఆ డబ్బాల్లో ఉండే క్యూఓఎస్ కూడా మొరటుది. ఆన్ చేస్తే కొన్నిట్లో మొత్తం స్పీడే పడిపోతుంది, ఎందుకంటే ప్యాకెట్లు చిప్ మీద నుంచి నేరుగా పోకుండా ప్రాసెసర్ గుండా పోవాలి.

కానీ ఈ ఇంట్లో రౌటర్ ముట్టుకోకుండానే పని అవుతుంది. డ్రైవ్ సింక్ యాప్‌లో అప్‌లోడ్ లిమిట్ ఉంటుంది. 25 ఎంబీపీఎస్‌కి సరిపడా పెడితే చాలు. లెక్క చూడండి. 3 జీబీ వీడియో 40 మీద వెళ్తే పది నిమిషాలు, 25 మీద పదహారు. స్నైపర్ పెట్టిన 2 మీద అయితే మూడు గంటల ఇరవై నిమిషాలు. పాపం ఆవిడ కాల్ ఫ్రీజ్ కాక ఏమవుతుంది?

కూకట్‌పల్లి_కాల్స్

ఆరు నిమిషాలు ఆగడానికి నాకైతే అభ్యంతరం లేదు. అడిగితే. ఇంకోటి, వీడియో కాల్‌కి కూడా పింగ్ కావాలి కదా? అప్‌లోడ్ నడుస్తున్నప్పుడు నా మాట రోబోలా వస్తోందని టీమ్ అంటుంది. అంటే నా ఫైళ్లు నా కాల్‌నే చెడగొడుతున్నాయా?

క్యూలో_నిల్చున్నా

అవును. ఆ విషయంలో మీరూ స్నైపరూ ఒకే జట్టు.

పాత_నోకియా

ఏడు నుంచి తొమ్మిది దాకా అబ్బాయి చదువుకుంటే ఈ చర్చే ఉండదు.

బీజీఎమ్ఐ_బాబ్జీ

మా నాన్నగారు ఈ ఫోరమ్‌లో ఉన్నారని నాకు తెలీదు.

సైలెంట్_స్నైపర్

వారం తర్వాత అప్‌డేట్. అక్కకి ఆ పది, పదహారు నిమిషాల లెక్క చూపించి సారీ చెప్పాను. యాప్‌లో 25 తనే పెట్టుకుంది. రౌటర్ పాస్‌వర్డ్ మాత్రం ఇవ్వలేదు, ఇవ్వదట కూడా. కేసింగ్ పట్టీ ద్వారబంధం పైనుంచి వేశాను, అమ్మ చూసి "ఇది ముందే చేయొచ్చుగా" అంది. ఏడున్నరకి పింగ్ 28 నుంచి 35.

కొత్త సమస్య. నా కేబుల్ చూసి అక్క తన గదికీ కావాలంటోంది. డబ్బాకి రెండే పోర్టులు, ఒకటి టీవీ బాక్స్‌కి, ఒకటి నాకు. ఏం కొనాలి?

కేబుల్_కామేశం

ఐదు పోర్టుల స్విచ్ తీసుకో, ఒక పోర్టుని పలువురికి పంచే పెట్టె. సెట్టింగ్స్ ఏమీ ఉండవు, గుచ్చితే చాలు. పెట్టె మీద గిగాబిట్ అని ఉందో లేదో చూసుకో, షాపువాళ్లు 100 ఎంబీపీఎస్‌వి అంటగడతారు. అక్క గది ద్వారబంధం కొలత కూడా తీసుకుని వెళ్లు, పట్టీ ఒకేసారి తెచ్చుకోవచ్చు.