ఆటలమ్మతో ఇంట్లోనే ఇద్దరు పిల్లలు: చదువు, సరదా రెండూ ఎలా?

నమస్కారం. మాది విజయవాడ సత్యనారాయణపురం. మూడో తరగతి చదివే మా అమ్మాయికి ఆటలమ్మ పోసింది. పొక్కులన్నీ ఎండి చెక్కు కట్టేవరకు బయటికి పంపవద్దన్నారు డాక్టరు గారు. దానికి తగ్గింది, హమ్మయ్య అనుకునేలోపు, 15వ రోజున ఒకటో తరగతి పిల్లవాడికి మొదలైంది. సోకాక 10 నుంచి 21 రోజుల్లో బయటపడుతుందట. తమ్ముడికి తగ్గేదాకా అక్కనూ పంపవద్దని బడివాళ్లు చెప్పారు. మూడు వారాలుగా ఇల్లే బడి, నేనే పంతులమ్మను.

ఎక్కాల పట్టిక గోడకు అంటిస్తే ఎవరూ తలెత్తి చూడలేదు. ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు కదా, రోజుకు ఏడింటికి రంగు వేస్తే ఎన్నాళ్లు పడుతుందని అడిగితే మాత్రం అమ్మాయి బొమ్మ గీసి మరీ లెక్క తేల్చింది. పిల్లవాడు గుణింతాల పుస్తకం తీస్తే చాలు, గోక్కోవడం మొదలు. మా అత్తగారు వేపమండ పట్టుకుని కథ చెబితేనే దురద మరిచిపోతాడు. (ఆ కథల్లో దయ్యాలు ఎక్కువ, అది వేరే సమస్య.)

సాయంత్రాలే కష్టం. కింద పిల్లల ఆటల కేకలు వినబడగానే ఇద్దరూ కిటికీ పట్టుకుని మూతి ముడుచుకుంటారు. నేనూ విసిగి అరుస్తున్నాను, తరవాత బాధపడుతున్నాను.

ఇలా గడిపినవారు చెప్పండి: రెండు తరగతుల పిల్లలను ఒకేసారి ఎలా కూర్చోబెట్టారు? రోజుకు గంట చదువు సరిపోతుందా? ఫోను చేతికివ్వకుండా ఆ సాయంత్రాలను ఎలా దాటించారు?