జోసెఫిన్ బట్లర్ ఉద్యమం: ఆ పేద స్త్రీల మాటలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. ఎంఏ చరిత్ర ప్రాజెక్టు కోసం ఇంగ్లండ్‌లో సుఖవ్యాధుల చట్టాల మీద జరిగిన పోరాటం గురించి చదువుతున్నాను. ఒకచోట ఆగిపోయాను, తెలిసినవాళ్లు దయచేసి దారి చూపించండి.

1864లో వచ్చి, 1866, 1869ల్లో ఇంకా బిగిసిన చట్టాలివి. సైన్యం, నౌకాదళం ఉండే ఊళ్లలో మఫ్టీలో తిరిగే పోలీసుకు ఒక స్త్రీ వేశ్య అని అనుమానం వస్తే చాలు, వైద్య పరీక్షకు రమ్మనేవాళ్లు. ఒప్పుకోకపోతే మేజిస్ట్రేటు, ఆపైన జైలు. జబ్బుందని తేలితే ఆసుపత్రిలోనే నిర్బంధం. ఆ గడువును 3 నెలల నుంచి 9 నెలలదాకా పెంచుకుంటూ పోయారు. ఆమె దగ్గరికి వెళ్లిన మగవాడికి మాత్రం ఈ చట్టాల్లో ఏ పరీక్షా లేదు! అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

1869 చివర్లో సంఘ సంస్కర్త జోసెఫిన్ బట్లర్ నాయకత్వంలో ఈ చట్టాల రద్దు కోసం మహిళల సంఘం, వాళ్ల ప్రకటన మీద ఫ్లోరెన్స్ నైటింగేల్ సంతకం, 1883లో నిర్బంధ పరీక్షలు ఆగడం, 1886లో రద్దు... ఇవన్నీ పుస్తకాల్లో దొరికాయి. కానీ వినిపించేవన్నీ చదువుకున్న పెద్దింటివాళ్ల గొంతులే. ప్లిమత్ లాంటి ఊళ్లలో పరీక్షకు ఎదురుతిరిగిన స్త్రీలు తమ నోటితో ఏం చెప్పారో నాకు కావాలి. కోర్టు విచారణల వార్తలు, ఈ చట్టాల మీద విచారణ జరిపిన 1871 రాయల్ కమిషన్ వాంగ్మూలాలు ఉచితంగా ఎక్కడ చదవొచ్చు?

ఇంకొకటి. మన దేశంలోనూ 1868లో ఇలాంటి చట్టమే వచ్చి 1888లో రద్దయింది. మద్రాసు ప్రెసిడెన్సీలో ఇలాంటి స్త్రీలను ఉంచి వైద్యం చేసిన లాక్ ఆసుపత్రుల వార్షిక నివేదికలు ఎవరైనా చూశారా? ఆ ఆసుపత్రులను అప్పటి తెలుగు పత్రికలు ఏ మాటతో పిలిచేవి?