చర్చ: వడ్రంగి జ్ఞాపకాన్ని చరిత్రగా ఒప్పుకోవచ్చా?

కృష్ణాతీరం:
జేమ్స్ మార్షల్ వృత్తిరీత్యా వడ్రంగి. 1848 జనవరిలో కాలిఫోర్నియాలోని కొలోమాలో జాన్ సటర్ అనే భూస్వామి కోసం రంపపు మిల్లు కడుతుంటే అతని కంట బంగారం పడింది. ఆ కబురుకే బంగారం కోసం జనం కాలిఫోర్నియాకు పోటెత్తారు. ఆ పొద్దుటిని ఎప్పటికీ మరిచిపోనని ఏళ్ల తర్వాత చెప్పుకున్నాడు. తేదీ మాత్రం 19 ప్రాంతమన్నాడు. మిల్లు పనిలో ఉన్న హెన్రీ బిగ్లర్ డైరీలో అది 24న రాసి ఉంది. చరిత్రకారులు 24నే ఖాయం చేశారు. అంత పెద్ద రోజే సరిగ్గా గుర్తులేని మనిషి మాటను సాక్ష్యంగా ఎలా తీసుకుంటాం? నా ఓటు డైరీకే.

ఉలి బాడిస:
తేదీ ఒక్కటి పట్టుకుని మనిషినే కొట్టిపారేస్తే ఎలా అండీ? పని సంగతి అడగండి. మిల్లు చక్రం తిప్పిన నీళ్లు బయటికి పోయే కాలువకు లోతు చాల్లేదు. పగలు తవ్వించడం, రాత్రి గేటు ఎత్తి నీళ్లు వదలడం. ఆ వడికి ఇసుకా మట్టీ కొట్టుకుపోయేవి. తెల్లారి నీళ్లు ఆపి, ఎంత కోసిందో చూసుకుంటూ కాలువ వెంట నడిచేవాడు. అలా చూస్తుంటేనే అడుగున మెరుపు కనిపించింది. రాయి మీద పెట్టి కొడితే పగల్లేదు, సాగింది. ఇదంతా చేతులతో చేసినవాడు చెప్పాల్సిన మాట. మా నాన్నకూ అంతే, ఏ ఇంటి గృహప్రవేశం ఎప్పుడో గుర్తుండదు, ఏ గుమ్మానికి ఏ కర్ర వేశాడో మాత్రం ఇప్పటికీ చెబుతాడు.

ఫాల్సమ్ తెలుగు:
కొలోమా మాకు దగ్గరే. నన్ను బాధించేది తేదీ కాదు. అది నిసెనాన్ అనే ఆదివాసుల నేల, మిల్లు పనిలో వాళ్లూ ఉన్నారు. 1846లో సుమారు 1,50,000 ఉన్న కాలిఫోర్నియా ఆదివాసులు 1870 నాటికి 30,000కు పడిపోయారని అంచనా. రోగాలు, ఆకలి, ఊచకోతలు. వలస వచ్చినవాళ్ల జ్ఞాపకాలు వరసగా అచ్చయ్యాయి. వీళ్లను కూర్చోబెట్టి అడిగినవాళ్లెందరు?

కృష్ణాతీరం:
అందుకే అంటున్నా, అచ్చయిన జ్ఞాపకానికి అంత పెద్దపీట వద్దని. కాలువ సంగతి నమ్ముతాను, తోటివాళ్ల మాటలూ దానితో కలుస్తున్నాయి కాబట్టి. కలవని చోట కాగితమే గెలవాలి.

ఉలి బాడిస:
అక్కడ వంట చేసిపెట్టిన జెన్నీ విమ్మర్ సంగతి మరి? అది బంగారమో కాదో తేల్చడానికి ఆ లోహపు పలుకును సబ్బు కాచే క్షారపు కుండలో వేసి ఉడికించానని, తీస్తే మెరుపు తగ్గలేదని ఏళ్ల తర్వాత ఆవిడే చెప్పింది. కాగితం ఒక్కటే గెలవాలంటే, ముందు పోయేది డైరీ రాసుకోని ఆవిడే. ఫాల్సమ్ గారు చెప్పిన నిసెనాన్ కూలీలు కూడా.