పేరు చెప్పొద్దన్నది నేనే, మరి ఎందుకు మండింది?

బాపట్ల మాస్టారు:

అందరికీ వందనాలు. సిగ్గుపడుతూనే రాస్తున్నాను. మా గుడిలో ఫ్యాన్ల రెక్కల మీద పేర్లుంటాయి. ఒక రెక్క మీద ఇచ్చినవారి పేరు, ఇంకోదాని మీద ఊరు, మూడోదాని మీద "జ్ఞాపకార్థం". కరెంటు పోయినప్పుడు తలెత్తి చదువుకుంటాం. తిరిగే ఫ్యాన్ మీద పేరెందుకని చిన్నప్పటి నుంచీ నవ్వుకునేవాణ్ని. అందుకే మొన్న మేలో నాలుగు కొత్త ఫ్యాన్లకు డబ్బు కవరులో పెట్టి పాస్టరు గారికిచ్చి, "అయ్యగారూ, రెక్కల మీద ఏమీ రాయించొద్దు, నా పేరు ఎక్కడా చెప్పొద్దు" అన్నాను. కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకూడదు కదా. ఇంటికొస్తుంటే మనసు దూదిపింజలా ఉంది.

ఆదివారం ప్రకటనల్లో అయ్యగారు "పేరు చెప్పడం ఇష్టంలేని ఒక సహోదరుడు" అనగానే గుడంతా రెండో వరసలో ఉన్న రైసుమిల్లు ఆయన వైపు తిరిగింది. ఆయన కాదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. దాంతో జనానికి ఇంకా ఖాయమైపోయింది. నా వెనక ఒక పెద్దావిడ "ఎంత తగ్గింపు మనసో చూడు" అంది. ఆ తర్వాతి పాట నా నోటికి రాలేదు.

ఆ రాత్రి మా బావమరిదికి ఫోన్ చేసి, వేరే ఏదో మాట్లాడుతూ మధ్యలో ఫ్యాన్ల సంగతి చెప్పేశాను. "ఎవరికీ చెప్పకు" అని కూడా అన్నాను. వాడి నోట్లో నువ్వుగింజ నానదని తెలిసే చెప్పాను. ఎన్నడూ లేంది, ఈసారి వాడు దాచాడు! నెల దాటినా ఎవరూ ఏమీ అడగలేదు.

రెక్కల మీద రాయించుకున్నవాళ్లు తమ ముచ్చట అందరి ముందూ తీర్చుకున్నారు. నేను దాక్కుని, ఎవరైనా కనిపెడతారేమోనని ఎదురుచూశాను. ఎవరి గర్వం ఎక్కువంటారు? ఇలాంటిది మీలో మీరు ఎలా పట్టుకుంటారు? పట్టుకున్నాక ఏం చేస్తారు? "ప్రార్థన చేయండి" అని మాత్రం రాయకండి, చేస్తూనే ఉన్నాను.

హైదరాబాద్ చెల్లి:

అన్నా, బావమరిది దగ్గర పగలబడి నవ్వాను, ఏమనుకోకండి. మా క్వయర్‌లో పదకొండేళ్లుగా ఒక పాట మొదటి చరణం నాదే. పోయిన క్రిస్మస్‌కి గొంతు పట్టేస్తే డిగ్రీ చదివే అమ్మాయి పాడింది. బాగా పాడింది. నేనే వెళ్లి, "చాలా బాగా పాడావమ్మా, రెండో లైనులో శృతి కాస్త చూసుకో" అన్నాను. ఇంటికెళ్లి వీడియో చూస్తే రెండో లైనులో ఏ తప్పూ లేదు. నా గర్వమంతా ఆ "కాస్త"లో ఉంది. అప్పటి నుంచి నన్ను పొగిడినప్పుడు నేనేమంటున్నానో పట్టించుకోవడం మానేశాను, "అంతా దేవుని కృప" అనడం అందరికీ అలవాటే. ఇంకొకర్ని పొగిడినప్పుడు నా నోట్లోంచి ఏం వస్తోందో చూస్తున్నాను.

ఆ అమ్మాయికి ఫోన్ చేసి తప్పు నాదేనని చెప్పాను. చెప్పేలోపు మూడుసార్లు కాల్ కట్ చేశాను.

కువైట్ డ్రైవర్:

మాస్టారూ, మీతో ఒక చోట ఒప్పుకోను. పేరు రాయించుకున్న ప్రతివాడిదీ గర్వం కాదు. మా తాతను ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలవలేదు, అందరూ "ఒరేయ్" అనేవాళ్లే. మా పేటలో గుడి కట్టినప్పుడు నేను పంపిన డబ్బుకు శిలాఫలకం మీద మా తాత పేరు చెక్కించారు. మా అమ్మకు చదువు రాదు. అక్షరాల మీద వేలు పెట్టి తడిమి చూసుకుంది. దాన్ని గర్వమంటే నేను వినను. తగ్గించుకోమని చెప్పేముందు ఆ మనిషి ఇప్పటికే ఎంత తగ్గించబడ్డాడో చూడాలి కదా.

నా గర్వం వేరే చోట దొరికింది. ఇంటికి పంపేవాడిని నేను, అందరూ నాకు బాకీ అనుకునేవాణ్ని. ఇక్కడ టైఫాయిడ్ వచ్చి పది రోజులు పడుకుంటే, రూములో కుర్రాళ్లు గంజి కాచి తాగించారు. జ్వరం కంటే ఆ గంజి తాగడమే కష్టమైంది.

డోర్నకల్ తాతయ్య:

కువైట్ బాబు గంజి మాట దగ్గర ఆగిపోయాను. మా డోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరో మిషనరీ మహాసభలో తెల్లదొరల ముందు నిలబడి ఒక మాట అన్నారు. మీరు బీదలకు మీ ఆస్తినిచ్చారు, మీ శరీరాలను కాల్చబడడానికి అప్పగించారు, మాకు ప్రేమ కూడా కావాలి, స్నేహితులనివ్వండి అని. ఆ మిషనరీలు త్యాగం చేయలేదని కాదు. ఇచ్చే చెయ్యి ఎప్పుడూ పైనే ఉంటుంది, పైనున్న సంగతి దానికి తెలియదు. యేసు శిష్యుడు పేతురుకూ అదే చిక్కు. ప్రభువు కాళ్లు కడగమంటే కడిగేవాడే. ప్రభువే తన కాళ్లు కడుగుతానంటే మాత్రం "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు.

మాస్టారు బాబూ, మీ గర్వాన్ని ఇంక తవ్వకండి. తవ్వేకొద్దీ మీరే కనబడతారు, అది ఇంకో రకం అద్దం. ఆ మిల్లు ఆయన దగ్గర ఏదైనా సాయం అడిగి తీసుకోండి. రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారపు ఆదివారం బల్ల ఎత్తేశాక ఆ చిన్న గ్లాసులు కడిగేది ఎవరో ఎప్పుడైనా చూశారా? అక్కడికెళ్లి నిలబడండి.

బాపట్ల మాస్టారు:

తాతయ్య గారూ, వందనాలు. కువైట్ తమ్ముడూ, నువ్వన్నది నిజం. రెక్కల మీది పేర్లు ఈసారి నవ్వకుండా చదివాను. సగం పేర్లు చనిపోయిన పిల్లలవి. ఇన్నాళ్లూ చూడనేలేదు.

నిన్న సంస్కారమయ్యాక గ్లాసులు కడగడానికి వెళ్లాను. తొంభై పైనే ఉన్నాయి. ద్రాక్షరసం ఆరిపోతే అడుగున జిగురులా పట్టేస్తుంది, వేలు లోపలికి పట్టదు. స్త్రీల సమాజంలో ఇద్దరు ముసలమ్మలు ఏళ్లుగా ఈ పని చేస్తున్నారట. చీపురు పుల్లకు గుడ్డ చుట్టి ఎలా తిప్పాలో నాకు నేర్పారు. రెండు గ్లాసులు పగలగొట్టాను.

తుడవడానికి తువ్వాలు పట్టుకుని మిల్లు ఆయన వచ్చాడు. ఆయన ఎప్పుడూ వస్తాడట! కాసేపయ్యాక గొంతు తగ్గించి, "మాస్టారూ, ఆ ఫ్యాన్లు ఎవరిచ్చారో మీకేమైనా తెలుసా? నేను కాదంటే ఎవరూ నమ్మట్లేదు, చచ్చే టెన్షన్‌గా ఉంది" అన్నాడు.

తెలియదన్నాను.

ఇప్పుడు ఈ అబద్ధాన్ని ఏ ఖాతాలో వేసుకోవాలో కూడా చెప్పండి.