అప్‌డేట్: వేణువు కింది స్వరం పలకని సమస్య తీరింది

హన్మకొండ ఎండలు ముదిరాక నా వెదురు వేణువుల్లో ఒకటి, ఆరు రంధ్రాలూ మూస్తే రావాల్సిన కింది స్వరం రాక కీచుమంటోందని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థాంక్స్.

పగులు వెతకమన్నవాళ్ల మాటే నిజమైంది. వేణువులు చేసే పెద్దాయన రంధ్రాలన్నీ, చివర కూడా మూయించి, ఊదే రంధ్రం నుంచి గాలి పీల్చి చూశారు. పట్టు నిలవలేదు, అంటే ఎక్కడో గాలి లోపలికి వస్తోంది. దారపు కట్టు విప్పితే కింద వెంట్రుకంత చీలిక! వెదురు ఎండి ముడుచుకుంటే ఇలాగే నిలువుగా చీలుతుంది. పల్చటి సూపర్ గ్లూ ఎక్కించి, ఆరాక నైలాన్ దారం బిగించి చుట్టారు. ఇప్పుడు ఆ కింది స్వరం ఎంత నిండుగా పలుకుతోందో!

ఇక్కడ కొందరు చెప్పిన బెండు (వేణువు మూసిన కొనలో బిగించే బిరడా) జరపడం, పెదవుల తీరు మార్చడం నా విషయంలో సంబంధం లేనివి. నూనె చీలికను అతకదు, కానీ వెదురు మరీ ఎండిపోకుండా లోపల పల్చగా రాస్తుండమన్నారు పెద్దాయన.