ఈ-సైకిల్‌తో లంకమల అడవి దారిలోకి పోవచ్చా?

పెన్నా పెడల్: ఆదివారం నలుగురం బద్వేలు వైపు నుంచి తెలుగుగంగ కాలువ గట్టు పట్టుకుని లంకమలలోకి పోదామనుకుంటున్నాం. నాది ఈ-సైకిల్. మోటారు 250 వాట్ల లోపే, 25 కిలోమీటర్ల వేగం దాటితే అదే ఆగిపోతుంది. లైసెన్సు, రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అడవిలోనూ సైకిల్ కిందే లెక్క కదా?

కలివికోడి: కాదు. నువ్వు చెప్పింది 1989 నాటి మోటారు వాహనాల నియమాల్లో ఉన్న మాట. లంకమల అభయారణ్యం. అక్కడ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం. పబ్లిక్ రోడ్డు మీద దాటి పోవచ్చు. రోడ్డు దిగి లోపలికి పోవాలంటే కాలినడకనైనా పర్మిట్ కావాలి. గట్టు ఇరిగేషన్ వాళ్లది, వాళ్లనూ అడగాలి.

బ్రహ్మసాగర్: గట్టు మీద మా ఊరి బైకులు రోజూ తిరుగుతాయి. ఎవరూ ఏమనరు.

పెన్నా పెడల్: 250 వాట్లు అన్నా! మన ఇంట్లో మిక్సీ అంతకంటే ఎక్కువ. పొగ లేదు, సద్దు లేదు.

కలివికోడి: సద్దు లేకపోవడమే భయం. మలుపులో ఎలుగుబంటి ఉంటే దానికి నువ్వొచ్చేది తెలియదు. ఇంకోటి. నేను ఇక్కడ పేరుగా పెట్టుకున్న పిట్ట, కలివికోడి, 1900 తర్వాత ఎవరికీ కనపడలేదు. 1986లో ఈ పొదల్లోనే మళ్లీ దొరికింది. పొదల మధ్య కొత్త దారులు పడితే అది ఎక్కడికి పోవాల?

పెన్నా పెడల్: సైకిల్ చక్రానికి పొదలు పోతాయా? ఏ సెక్షన్‌లో ఉందో చూపించు.

కలివికోడి: వన్యప్రాణి చట్టంలో 27, 28. చదువుకో.

మేకలదొడ్డి: వాట్లు, సెక్షన్లు చాలించండి. మా ఊరి కొండలో మా నాయన ముప్పై ఏండ్లు మేకలు తోలినాడు. ఇప్పుడు అడుగు పెట్టనీయరు. కట్టెల మోపుకు ఫైన్ కట్టినాం. మాకు లేని దారి టౌనోళ్లకు ఎట్లొస్తుంది?

పెన్నా పెడల్: నేనేమన్నా దొంగనా తమ్ముడూ? మోకాలి ఆపరేషన్ అయింది. మోటారు లేకుంటే నేను గుట్ట ఎక్కలేను. నాకు అడవి చూడాలని ఉండకూడదా?

కలివికోడి: ఈ మాట ముందే చెప్పుంటే ఇంత గొడవ లేదు. ఇదే దరఖాస్తులో రాయి, అడిగి చూడు.

మేకలదొడ్డి: ఆయన రాస్తాడు, ఇస్తారేమో. మా నాయనకు చదువు రాదు. ఆయన ఏమని రాయాల?

పెన్నా పెడల్: ఆదివారం సిద్ధవటం కోట దాకానే పోతాం, తారు రోడ్డు మీద. తమ్ముడూ, నీ నంబరు మెసేజ్ పెట్టు.